నిలబడి

డాక్టరు గది బయట కుర్చీలన్నీ రోగులవి.
మొదటి రోజే చెప్పాడు మా సూపర్‌వైజరు,
టై ముడి సవరించుకుంటూ:
"మెర్లిందా, రోగి నిలబడి ఉండగా నువ్వు కూర్చున్నావో
అమ్మకం అక్కడే చచ్చిపోతుంది."
ఇరవై తొమ్మిదేళ్ళు నిలబడ్డాను.

ఇలోయిలో నుంచి పడమటి తీరం పట్టుకుని
ఓటన్, టిగ్బావన్, గింబాల్, మియాగావ్,
ఊరికో రాతి చర్చి, ఊరికి ఇద్దరు డాక్టర్లు.
జీప్నీలో మోకాళ్ళ మధ్య బ్యాగు,
బ్యాగులో సీసాల గలగల.
మంగళవారాలు పడవెక్కి గిమారాస్ దీవికి.
నైరుతి గాలికి పడవ లేచి లేచి పడుతుంటే
ఒళ్ళో నేను గట్టిగా పట్టుకున్నది శాంపిళ్ళని.
బిడ్డ ఇంట్లో ఉంది, మా అత్త దగ్గర, జ్వరంతో.
నేనమ్మే మందే పట్టించమని చెప్పొచ్చాను.
తగ్గింది.
మందు వల్లో, మూడో రోజు కావడం వల్లో.

మందు ఎప్పుడమ్మాను కనక?
మందుకు ముందొచ్చే మాట అమ్మాను.
తొంభై సెకన్లు.
ఒక దగ్గు బయటికి వెళ్ళి
ఇంకో దగ్గు లోపలికొచ్చే లోపు,
డాక్టరు చేతులు తుడుచుకునే లోపు.
ఎవరి పుట్టినరోజు ఎప్పుడు,
ఎవరి కొడుకు లా పరీక్ష రెండోసారి తప్పాడు,
ఎవరికి బిస్కోచో ఇష్టం,
ఎవరు షుగరొచ్చి అది మానేశారు,
అన్నీ ఒక నల్ల పుస్తకంలో రాసుకున్నాను.
మా ఆయన పుట్టినరోజు అందులో లేదు.
ఒకసారి అడిగాడు కూడా.
నవ్వేశాను, డాక్టర్లకి నవ్వే నవ్వే.

గులాబీ రంగు సిరప్ వచ్చిన ఏడు
టార్గెట్ దాటినందుకు బంగారు పూత పిన్ను పెట్టారు నాకు.
రెండేళ్ళకి ఉత్తరం వచ్చింది, పిల్లలకి వాడొద్దని.
మళ్ళీ అవే గుమ్మాలు, అవే చెప్పులు,
సీసాలు వెనక్కి అడుగుతూ.
ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.
గింబాల్‌లో ఒక నర్సు మాత్రం మూత తిప్పి వాసన చూసి
"పాపం, దీనికి పిల్లలు మారాం చేసేవాళ్ళు కాదు" అంది.
మియాగావ్‌లో డాక్టర్ నుఫాబ్లె "లేవు" అన్నాడు.
ఒక్కటీ లేదా అంటే, లేదు అన్నాడు.
అన్నీ వాడేశాడనుకుని
రెండు రాత్రులు పడుకోలేదు నేను.

పోయిన ఆగస్టులో ఆయన కూతురు ఫోను చేసింది.
నాన్న పోయి నలభయ్యో రోజు దాటింది,
క్లినిక్ ఖాళీ చేస్తున్నాం,
మీ పేరున్న పెట్టెలు కొన్ని ఉన్నాయి.

తక్కువ మాట మనిషి.
నా తొంభై సెకన్లూ కిటికీలోంచి బయటికి చూస్తూ వినేవాడు,
నా కార్డు మీద సంతకం పెట్టేవాడు, తేదీ వేసి.
ఆ సంతకాలుంటేనే నాకు నెల జీతం పూర్తిగా వచ్చేది.
ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

బీరువా తలుపు బిగుసుకుపోయి ఉంది, ఇద్దరం లాగాం.
నేనిచ్చినవే. సీలు విప్పనివే.
ఏ నెలకానెల రబ్బరు బ్యాండు,
చీటీ మీద పెన్సిలుతో తేదీ, కింద నా పేరు.
అడుగు అరలో గులాబీ సీసాలు కూడా,
రంగు విరిగి టీ రంగుకి తిరిగినవి.

నమ్మలేదా నన్ను?
నమ్మకపోతే ఒక్కసారి అనొచ్చుగా.
అంటే ఇక రాననుకున్నాడా?
వస్తే ఏముంది, రాకపోతే ఏముంది ఆయనకి?
గదిలో అడగడానికి కిటికీ తప్ప ఎవరూ లేరు.

ఆ అమ్మాయి కాలమాన్సీ రసం తెచ్చి
"కూర్చోండి" అంది.
రోగుల కుర్చీ. ఆకుపచ్చ ప్లాస్టిక్.
ఒక కాలు కొంచెం పొట్టి.
కూర్చున్నాను.
అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలెట్టాను,
ఏడాది తర్వాత ఏడాది, నేలంతా పరిచి.

తొంభై ఏడు జూన్ కట్టలో ఒక సీసా తక్కువ.

మళ్ళీ లెక్కపెట్టాను.
రబ్బరు బ్యాండు తెగి చేతికి అంటుకుంది.
ఒకటి తక్కువే.